ఉప్పు తగ్గిస్తే అంచు తేలింది: నీలం పొరతో ఎనిమిది చుక్కల రెటీనా

ఏప్రిల్ 12

మా వరండాకి మూడు మెట్లు. పోయిన దసరాకి వాటి అంచులకి తెల్ల పెయింటు వేయించాం. అప్పటినుంచి నాన్న పగటిపూట ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగుతున్నారు. ఆయనకి రెటినైటిస్ పిగ్మెంటోసా. రేచీకటితో మొదలై, చుట్టూరా మూసుకొస్తూ, ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త చూపు మిగిలింది. మెట్టంతా కనబడక్కర్లేదు ఆయనకి. అంచు తెలిస్తే చాలు, మిగతాది కాలు చూసుకుంటుంది.

కన్ను చేసే పని కూడా ఇదే. కంటి వెనక తెర రెటీనా. ఒక్కో రెటీనాలో వెలుతురుని పట్టే కణాలు రెండు రకాలు: దాదాపు 12 కోట్ల రాడ్లు, 60 లక్షల కోన్లు ఉంటాయి. మెదడుకి వెళ్లే నరంలో ఉండే తీగలు మాత్రం 10 లక్షల పైచిలుకే. ప్రతి చుక్క వెలుగునీ ఉన్నదున్నట్టు పంపడానికి అందులో చోటు లేదు. అందుకే రెటీనా పక్కపక్క చుక్కల మధ్య తేడాని ఎత్తి చూపిస్తుంది. తెల్లగోడ మధ్యభాగం గురించి పెద్దగా చెప్పదు, గోడ ఎక్కడ ఆగిందో గట్టిగా చెబుతుంది.

ఈ సెలవుల్లో, గుంటూరు బ్రాడీపేట ఇంటి పైగదిలో, కరెంటు పారే పాలిమర్‌తో, అంటే ఒక రకం ప్లాస్టిక్‌తో, ఎనిమిది చుక్కల రెటీనా వరస ఒకటి చేయాలని కూర్చున్నాను. చుక్క అంటే వెలుతురుకి స్పందించే ఒక్కో పాలిమర్ ముక్క. షరతు ఒకటే: అంచుని కంప్యూటర్ లెక్కగట్టకూడదు, పాలిమరే పట్టాలి. కంప్యూటర్ పని చదివి రాసుకోవడం వరకే.

ఇది నాన్న కంట్లో పెట్టేది కాదు. ఆ దారిలో నడుస్తున్నవాళ్లు వేరే ఉన్నారు. 2013లో ఇటలీలో లాంజానీ, బెన్‌ఫెనాటీ బృందం చూపు పోయిన ఎలుకల రెటీనాలని పీ3హెచ్‌టీ అనే పాలిమర్ పొర మీద పరిచి, వెలుతురు పడితే అవి మళ్లీ స్పందించేలా చేసింది. 2014లో బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో కె.ఎస్. నారాయణ్ బృందం, ఇంకా వెలుతురు తెలియని కోడిపిండం రెటీనాతో అలాంటి ప్రయోగమే చేసింది. నాన్న జబ్బులో ముందు చచ్చిపోయేవి రాడ్లూ కోన్లే. వాటి వెనక ఉన్న కణాలు చాలాకాలం బతికే ఉంటాయి. ఆ పనులన్నిటికీ ఆధారం ఆ సంగతే, నేను ఈ బల్ల దగ్గర కూర్చోడానికి కారణమూ అదే.

ఏప్రిల్ 15

సీసా వచ్చింది. పెడాట్–పీఎస్ఎస్, నేను వాడబోయే కరెంటు పారే పాలిమర్, నీళ్లలో కలిపినది, చిక్కటి సిరా నీలం. అందులో ఘనపదార్థం 1.3 శాతమే. ఫ్రిజ్‌లో పెట్టాలి కానీ గడ్డకట్టనివ్వకూడదు. అందుకని వెనకగోడకి తగలకుండా తలుపు అరలో పెట్టి, పైన పెద్ద అక్షరాలతో కాగితం అంటించాను.

ప్లాస్టిక్‌లో కరెంటు పారించొచ్చని 1977లో హీగర్, మెక్‌డైర్మిడ్, షిరకావా చూపించారు. 2000లో వాళ్లకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. వాళ్లది పాలీఎసిటిలీన్, గాలి తగిలితే పాడయ్యేది. పెడాట్ ఆ తర్వాత తరం. గాలికీ నీళ్లకీ ఓర్చుకుంటుంది. దాన్ని మొదట్లో వాడింది ఫొటో ఫిల్మ్ మీద స్థిరవిద్యుత్తు పేరుకోకుండా పూయడానికి.

నాకు కావలసిన గుణం వేరు. ఈ పొర మీద ఉప్పునీళ్లు పోసి, ఆ నీళ్లలో ముంచిన తీగకి కొంచెం పాజిటివ్ వోల్టేజి ఇస్తే, సోడియం అయాన్లు పొర లోపలికి దూరతాయి. అవి దూరినకొద్దీ పొరలో కరెంటు తగ్గుతుంది. సిలికాన్ ట్రాన్సిస్టర్‌లో వ్యవహారమంతా పైపైనే జరుగుతుంది. ఇక్కడ పొర మందమంతా పాల్గొంటుంది, దోసెకి నూనె పట్టినట్టు. అందుకే ఒక వోల్టులోపే పని అయిపోతుంది.

నా పథకంలో వెలుతురు పడితే ఫొటోడయోడ్ (వెలుతురుని కరెంటుగా మార్చే చిన్న భాగం) కాస్త వోల్టేజి పుట్టిస్తుంది, అది తీగ ద్వారా నీళ్లకి చేరుతుంది, పొరలో కరెంటు తగ్గుతుంది. వెలుతురుకి కరెంటు తగ్గడం తలకిందులుగా అనిపించొచ్చు. మన రాడ్లూ కోన్లూ చేసేది అచ్చం ఇదే! చీకట్లో వాటిలో ఎడతెగని కరెంటు పారుతూ ఉంటుంది, వెలుతురు పడగానే తగ్గుతుంది. ఇది మొదటిసారి చదివిన రోజు ఎంత సంతోషమేసిందో ఇప్పటికీ గుర్తుంది.

ఏప్రిల్ 18

గాజు స్లైడ్ రెండు అంచులకీ సెల్లోటేపు అంటించి, మధ్యలో ద్రావణం వేసి, ఇంకో స్లైడ్ అంచుతో ఒక్క ఊపులో లాగాను. టేపు మందం సుమారు 50 మైక్రాన్లు, తడిపొర అందులో సగం ఉంటుందనుకుంటే ఎండాక 0.3 మైక్రాన్లు మిగలాలి. ద్రావణంలో 5 శాతం ఇథిలీన్ గ్లైకాల్ కలిపాను. అది లేకపోతే పొర నిరోధం చాలా ఎక్కువగా ఉంటుంది, కలిపితే వందల రెట్లు తగ్గుతుంది. గాజు మీద సమంగా పరుచుకోవడానికి గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క.

పెనం మీద 120 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు కాల్చాను. ఆకాశంలాంటి లేతనీలం పొర వచ్చింది. ఉప్పునీళ్లు పోశాను. పది నిమిషాల్లో పాలమీగడలా లేచి తేలిపోయింది.

మూడు స్లైడ్లు అలాగే పోయాయి. సాయంత్రం మా కెమిస్ట్రీ మాస్టారికి ఫోన్ చేస్తే, "సైలేన్ కలిపావా అమ్మా? గాజునీ పాలిమర్‌నీ పట్టి ఉంచేది ఏదో ఒకటి ఉండాలి గదా" అన్నారు. గ్లైసిడాక్సీ సైలేన్ ఆయన దగ్గరే చిన్న సీసాలో ఉంది. 1 శాతం చాలన్నారు. ఎక్కువైతే పొర గట్టిపడుతుంది కానీ కరెంటు పారడం తగ్గుతుంది.

ఏప్రిల్ 19

సైలేన్ కలిపిన పొర రాత్రంతా బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానింది. పొద్దున చూస్తే చెక్కుచెదరలేదు.

ఏప్రిల్ 22

కనెక్షన్లకి వాడిన రాగి టేపు రెండురోజుల్లో పచ్చబడి, పక్కన పొర మీదికి కూడా పాకింది. ఉప్పునీళ్లూ కరెంటూ కలిసినచోట రాగి పనికిరాదు. అంతా తీసేసి గ్రాఫైట్ పేస్టు పూసి, నీళ్లు తగలకుండా పైన గోళ్లరంగు వేశాను. గోళ్లరంగుతోనే ఒక్కో చుక్కకి 4 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు కిటికీ వదిలాను.

నీళ్లలో ముంచే తీగలకి వెండి కావాలి. విజయవాడ వన్ టౌన్‌లో ఒక వెండి కొట్టుకెళ్లి సన్నటి తీగ అడిగితే, "పట్టీలకా అమ్మా?" అన్నాడాయన. సంగతి చెప్పాను. శ్రద్ధగా విని, కలగలుపు లేని వెండి తీగ లోపల్నుంచి తెచ్చి ఇచ్చాడు. దాన్ని ముక్కలు చేసి బ్లీచింగ్ ద్రావణంలో అరగంట ముంచితే పైన సిల్వర్ క్లోరైడ్ ముదురు బూడిదరంగులో పట్టింది. ఈ పూత లేకపోతే తీగ దగ్గరే కొంత వోల్టేజి పోతుంది.

ఏప్రిల్ 27

ఒక్క చుక్క పనిచేసింది.

నీళ్లకి బదులు చైనా గ్రాస్ జెల్లీ వాడుతున్నాను. అది సముద్రపు నాచులోంచి వచ్చేది కాబట్టి దాని ఉప్పు దానికే ఉంటుంది. అందుకని రాత్రంతా డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రెండుసార్లు కడిగి, నేను తూచిన ఉప్పే కలిపాను, లీటరుకి 5.8 గ్రాముల లెక్కన. ఫొటోడయోడ్ బీపీడబ్ల్యూ34 అనే రకం. టేబుల్ లైటు వేయగానే చానెల్ (కిటికీలోని నీలం పొర) కరెంటు మెల్లగా దిగింది. మల్టీమీటర్ అంకెలు అలా తగ్గుతుంటే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

లైటు తీసేశాను. కరెంటు తిరిగి రాలేదు. మూడు నిమిషాలు చూసినా సగం కూడా కోలుకోలేదు. పొర మందమంతా అయాన్లని దాచుకుంటుందని రాశాను కదా, ఆ దాచుకోవడానికి కొలత ఉంది. ఆ కొలత పేరు ఫారడ్. పెడాట్–పీఎస్ఎస్ ఘన సెంటీమీటరుకి దాదాపు 40 ఫారడ్లు. నా చుక్క ఘనపరిమాణానికి లెక్కేస్తే 100 మైక్రోఫారడ్ల దరిదాపు. ఇంత సరుకు నింపిన ఫొటోడయోడ్, చీకటి పడ్డాక దాన్ని ఖాళీ చేసే దారి ఇవ్వదు. పక్కన 100 కిలో ఓమ్‌ల రెసిస్టరు పెడితే 10 సెకన్లకి దిగింది. 10 కిలో ఓమ్‌లు పెడితే ఒక సెకను. లెక్కకీ కొలతకీ ఇంత దగ్గరగా కుదరడం నా పనుల్లో అరుదు. 10 కిలో ఓమ్‌లు ఖాయం చేశాను.

మే 3

ఎనిమిది చుక్కల వరస. మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. ఒక స్లైడ్‌కి సరిగ్గా సరిపోయింది. ఫొటోడయోడ్లు వేరే బోర్డు మీద, వైర్లతో గాజుకి కలిపాను.

నా ఆశ ఇది. రెటీనాలో హారిజాంటల్ కణాలనేవి ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి చేతులు కలుపుకొని పరుచుకొని, ఒకచోట వెలుగు ఎక్కువైతే చుట్టుపక్కలవాటిని అణుస్తాయి. ఈ అణచివేతని గుర్రపునాడా పీత కంట్లో కొలిచిన హార్ట్‌లైన్‌కి 1967లో నోబెల్ పంచారు. నేనేమనుకున్నానంటే, ఎనిమిది చుక్కలకీ విడివిడి జెల్లీ కాకుండా ఒకే పొడుగాటి జెల్లీ పట్టీ వేస్తే, పక్క చుక్క వోల్టేజి జెల్లీలోంచి పాకి దీన్నీ అణుస్తుంది, అంచు దానంతటదే తేలుతుంది.

ఎడమ నాలుగు చుక్కలకి వెలుతురు, కుడి నాలుగింటికి నల్ల అట్ట. ఫలితం అంచు కాదు, మసక. వెలుతురున్న చుక్కల్లో స్పందన తగ్గింది, చీకటి చుక్కలు కూడా వెలుతురు చూసినట్టు ప్రవర్తించాయి. అద్దం మీద ఆవిరి పట్టినట్టు గీత చెదిరిపోయింది.

రాత్రి పదకొండు దాకా వైర్లు మార్చి మార్చి చూశాను. అదే.

మే 4

తప్పు వైర్లలో లేదు, నా ఆలోచనలో ఉంది. పొద్దున్నే కాగితం మీద గుర్తులు వేసుకుంటే తెలిసింది. చుక్క మీద పడ్డ వెలుతురు దాని కరెంటుని తగ్గిస్తుంది. పక్క నుంచి పాకి వచ్చేది కూడా తగ్గిస్తుంది. రెండూ ఒకేవైపు లాగుతుంటే అది కూడిక. కన్ను చేసేది తీసివేత. హారిజాంటల్ కణాల పొర తయారుచేసేదీ మసక బొమ్మే. తర్వాత వరసలోని బైపోలార్ కణం, పదును బొమ్మలోంచి ఆ మసక బొమ్మని తీసేసి, మిగిలింది పైకి పంపుతుంది.

అంటే నిన్నటి పట్టీ చెడిపోలేదు. సగం రెటీనా అది, రెండో సగం నేను కట్టలేదు. సిలికాన్‌తో మొదటి రెటీనా చేసిన మిషా మహోవాల్డ్, కార్వర్ మీడ్ కూడా 1980ల చివర్లో ఇదే చేశారు. రెసిస్టర్ల వలతో చుట్టుపక్కల సగటు తీసి, ఒక్కో చుక్క ఆ సగటుకి ఎంత తేడాగా ఉందో చూపించారు. వాళ్ల వల సిలికాన్‌లో, నాది జెల్లీలో.

మే 9

రెండో వరస పూర్తి. ఇందులో ఒక్కో చుక్కకి దాని జెల్లీ బొట్టు దానిదే. ఇది పదును వరస. మొన్నటిది మసక వరస. రెండిటికీ ఫొటోడయోడ్లు వేరువేరు, పక్కపక్కనే, మొత్తం పదహారు.

తీసివేత ఎలా? ఒకే స్థానంలోని మసక చానెల్‌నీ పదును చానెల్‌నీ వరసగా కలిపి, రెండు కొసల మధ్య 200 మిల్లీవోల్టులు ఇచ్చాను. రెండూ సమానంగా ఉంటే మధ్యబిందువు దగ్గర 100 ఉంటుంది. పదును చానెల్ నిరోధం ఎక్కువ పెరిగితే మధ్యబిందువు పైకి జరుగుతుంది, మసకది ఎక్కువైతే కిందికి. తీసివేత ప్రోగ్రాంలో కాదు, రెండు నీలం ముక్కల మధ్య జరుగుతుంది. చదవడానికి, వోల్టేజిని అంకెలుగా మార్చే ఏడీఎస్1115 బోర్డులు రెండు.

చానెళ్లన్నీ ఒకే నిరోధంలో రాలేదు. 800 ఓమ్‌ల నుంచి 2 కిలో ఓమ్‌ల దాకా ఉన్నాయి, జతల్లో తేడా నాకు కావలసిన సంకేతం కన్నా పెద్దది. భూతద్దం కింద సూదితో తక్కువ నిరోధం ఉన్నవాటిని పక్కల గీకి సన్నం చేశాను. రెండు రోజులు పట్టింది, మెడ పట్టేసింది. మిగిలిన కాస్త తేడాకి చీకట్లో ఒక కొలత తీసి, దాన్ని సున్నాగా పెట్టుకుంటున్నాను.

అట్ట పెట్టి చూశాను. ఎడమ నాలుగూ పైకి, కుడి నాలుగూ కిందికి. అంచు కాదు, అట్ట బొమ్మే మళ్లీ వచ్చింది.

మే 11

ఈ రోజు గురించి ఎక్కువ రాయాలి.

మసక వరస అతిగా మసకబారుతోంది. పట్టీ ఈ కొస నుంచి ఆ కొస దాకా దాదాపు ఒకే వోల్టేజి. సగటు అంటే నాకు కావలసింది ఇరుగుపొరుగు సగటు, ఊరంతటి సగటు కాదు. ఎంతదూరం పాకుతుందో లెక్కేయొచ్చు. ఒక చుక్క నుంచి పక్క చుక్కకి జెల్లీ నిరోధం ఎంతో చూసి, చుక్క నుంచి భూమికి (సర్క్యూట్‌లో సున్నా వోల్టేజి తీగకి) ఉన్న 10 కిలో ఓమ్‌లని దానితో భాగించి వర్గమూలం తీస్తే, ఎన్ని చుక్కల దూరమో వస్తుంది. నా జెల్లీ 5 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల ఎత్తు, ఆ ఉప్పుకి చుక్కకీ చుక్కకీ మధ్య 530 ఓమ్‌ల దాకా వస్తుంది. వర్గమూలం 4.3. మొత్తం ఉన్నవే ఎనిమిది చుక్కలు, అందులో నాలుగు దాటి పాకితే ఇంక ఇరుగేది, పొరుగేది?

ఉప్పు పదోవంతు చేస్తే జెల్లీ నిరోధం పదింతలు. వర్గమూలం 1.4కి దిగుతుంది. ఒకటిన్నర చుక్క దూరం, నాకు కావలసిందీ అంతే.

పాత ద్రావణాన్ని పదింతలు పలచన చేసి కొత్త పట్టీ పోశాను. చల్లారేదాకా ఆగడం కష్టమైంది. అట్ట పెట్టి అంకెలు రాసుకున్నాను. అంచుకి ఎడమన నాలుగో చుక్క 4.8 మిల్లీవోల్టులు పైకి, మూడోది 2.3, ఒకటోది 0.7 లోపే. కుడిన ఐదోది 5.1 కిందికి, ఆరోది 2.6, చివరిది 0.6. గీత గీస్తే అంచు దగ్గర ఒక పక్క శిఖరం, ఇంకో పక్క లోయ, దూరం పోయేకొద్దీ చదును. ఎర్నెస్ట్ మాక్ 1860ల్లోనే చెప్పిన పట్టీలు ఇవే. బూడిదరంగు ముదురూ లేతా పక్కపక్కన కలిసేచోట ముదురు ఇంకా ముదురుగా, లేత ఇంకా లేతగా మన కంటికి కనిపిస్తాయి.

ఆ గీత నా బల్ల మీద ఉప్పు, చైనా గ్రాస్, నీలం పూతల్లోంచి వచ్చింది. కాగితం పట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాను.

కన్ను కూడా ఈ దూరాన్ని మార్చుకుంటుంది. హారిజాంటల్ కణాల మధ్య సన్నటి దారులు ఉంటాయి. వెలుతురు పెరిగినప్పుడు డోపమిన్ ఆ దారుల్ని బిగిస్తుంది, పాకే దూరం తగ్గుతుంది. నాకు డోపమిన్ పని ఉప్పు చేసింది.

మే 17

బయట 43 డిగ్రీలు. జెల్లీ గంటన్నరలో కుంచించుకుపోతోంది. నీళ్లు ఆవిరైతే జెల్లీ కొలతలూ ఉప్పు చిక్కదనమూ మారి, 11న సాధించిన దూరం చేజారుతుంది. మధ్యాహ్నం అంకెలు పొద్దున అంకెలతో కుదరకపోవడానికి కారణం ఇదేనని పట్టుకోడానికి మూడురోజులు పట్టింది. నీళ్లలో ఐదోవంతు గ్లిసరిన్ కలిపి, పైన గాజుమూత పెట్టి, చుట్టూ గ్రీజు రాశాను. ఇప్పుడు ఒక రోజు నిలుస్తోంది. గ్లిసరిన్‌కి నిరోధం కొంత పెరిగింది, ఉప్పు రవ్వంత పెంచి సరిచేశాను.

కరెంటు రెండుసార్లు పోయింది. మధ్యబిందువులకి ఇచ్చేది పెన్సిల్ సెల్ కాబట్టి కొలతలకి ఢోకా లేదు.

మే 24

అట్టపెట్టెలో ముందు భూతద్దం, వెనక ఫొటోడయోడ్ల బోర్డు నిలువుగా. అంచు పడిన చోట వెలిగేలా ఎనిమిది ఎల్ఈడీలు. సాయంత్రం నాలుగింటికి పెట్టెని వరండా ముందు స్టూలు మీద పెట్టి, పెయింటు వేయని పక్కగట్టు వైపు తిప్పాను. దాని పైభాగం మీద ఎండ, నిలువు భాగం నీడలో. ఐదో ఎల్ఈడీ వెలిగింది. పెట్టెని కొంచెం వంచితే ఆరోది.

నాన్న కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నారు. ఎల్ఈడీ ఆయన చూపు మధ్యలోకి వచ్చేలా నేనే బోర్డు పట్టుకున్నాను.

"ఇది గట్టు అంచేనా అమ్మాయ్?"

"అవును నాన్నా. పైనున్న ఎండ, కిందున్న నీడ కలిసే గీత."

చెయ్యి చాపి గట్టు తడుముకుంటూ అంచు దాకా పోనిచ్చారు. తర్వాత నన్ను పెట్టె పైకీ కిందికీ వంచమని, ఎల్ఈడీ జరిగినప్పుడల్లా చేత్తో గట్టు చూసుకున్నారు. పదిహేను నిమిషాలు అలా చేశారు.

"ఆరున్నరకి మళ్లీ పెట్టు. నాకు కావాల్సింది అప్పుడు" అన్నారు.

ఆరున్నరకి పెట్టాను. ఒక్క ఎల్ఈడీ కూడా వెలగలేదు. ఆ మసక వెలుతురులో భూతద్దం దాటి వచ్చేదానికి ఫొటోడయోడ్ ఇచ్చే కరెంటు ఒక మైక్రోఆంపియర్ కూడా లేదు. 10 కిలో ఓమ్‌ల మీద అది పట్టుమని పది మిల్లీవోల్టులు కాదు. 100 కిలో ఓమ్‌లు పెడితే పదింతలవుతుంది, కానీ చుక్క కోలుకోడానికి మళ్లీ 10 సెకన్లు. మెట్ల ముందు నిలబడ్డ మనిషి పది సెకన్లు ఆగగలడు, నాన్న ఎలాగూ ఆగి ఆగే దిగుతారు. ఇంకో చిక్కు, భూమికి పోయే రెసిస్టరు పదింతలైతే పాకే దూరం మళ్లీ నాలుగు చుక్కలు దాటుతుంది. ఉప్పు ఇంకో పదోవంతుకి దించాలి, లేదా ఆ దూరాన్ని అలాగే వదలాలి. చీకటి పడ్డాక కన్ను కూడా తీసివేత తగ్గించి, చుట్టుపక్కల వెలుతురంతా కూడబెట్టుకుంటుంది.

రేపు పొద్దున రెండూ పోస్తాను: ఒక పట్టీ లీటరుకి 0.06 గ్రాముల ఉప్పుతో, ఇంకోటి ఇప్పుడున్న ఉప్పుతోనే. 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పదహారు ఏరి పక్కన పెట్టాను. చైనా గ్రాస్ నానుతోంది. సాయంత్రం ఆరున్నరకి కుర్చీ వరండాలో వేయమని నాన్న ఇప్పుడే చెప్పి పడుకున్నారు.